కోఠీ డయల్ బీపీ సెట్టు: కొనేముందు వాల్వు తిప్పి చూడండి

క్లినికల్ పోస్టింగ్ తేదీ రాగానే ఫస్టియర్ నర్సింగ్ పిల్లలు కోఠీ బాట పడతారు. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి సర్జికల్ దుకాణంలో ‘స్టూడెంట్ కిట్’ అని అడిగితే డయల్ బీపీ సెట్టు, రెండు తలల స్టెతస్కోపు, డిజిటల్ థర్మామీటరు, పెన్ టార్చి ఒకే సంచిలో సర్ది ఇచ్చేస్తారు. ఈ రివ్యూ మొదటి రెండింటి గురించే. థర్మామీటరు, టార్చి వీధి చివర మెడికల్ షాపులో కొన్నా ఒకటే.

ముందే తేల్చి చెబుతాను. డయల్ సెట్టు కొనండి, కిట్ వద్దు. పేరూ ఊరూ లేని కిట్లలో డయల్ బాగానే ఉంటుంది, ఎందుకంటే కొనేవాళ్లు చూసేది దాన్నే. డబ్బులు మిగుల్చుకునేది వాల్వు, గాలి కొట్టే రబ్బరు బల్బు, స్టెత్ ఇయర్‌టిప్స్ దగ్గర. డైమండ్, రోస్‌మాక్స్ లాంటి పేరున్న సెట్టు విడిగా, స్టెత్ విడిగా తీసుకుంటే కొంచెం ఎక్కువవుతుంది గానీ ఆ తేడా వార్డులో తెలుస్తుంది. తెలిసేది కూడా మీకు కాదు, పేషెంటు చేతికి.

అసలు సంగతి బల్బు దగ్గరుండే ఆ చిన్న స్క్రూ వాల్వులో ఉంది. గాలి వదిలేటప్పుడు ముల్లు సెకనుకి (పాదరసం కొలతలో) 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున దిగాలి. నాసిరకం వాల్వుకి రెండే పనులు తెలుసు: బిగుసుకుపోవడం, ఒక్కసారిగా వదిలేయడం. వెంట్రుకవాసి తిప్పగానే ముల్లు 160 నుంచి 120కి దూకిందంటే స్టెత్‌లో మొదటి చప్పుడు, అంటే బీపీ పై అంకె, ఎక్కడ వినపడిందో ఆ దేవుడికే తెలియాలి. మళ్లీ గాలి కొట్టాలి. వెంటనే కొడితే చేతిలో రక్తం నిలిచిపోయి ఉంటుంది కాబట్టి రీడింగు ఇంకా తప్పుతుంది. గాలి పూర్తిగా తీసేసి ఒకటి రెండు నిమిషాలు ఆగాల్సిందే. నలభై బెడ్ల వార్డులో ఆగే తీరిక ఎవరికుంటుంది? మూడోసారి బల్బు నొక్కేసరికి ‘ఎన్నిసార్లు బిగబెడ్తవ్ బిడ్డా’ అంటుంది అవ్వ. ఆ మాట అనిపించుకునేది స్టూడెంటే, తప్పు మాత్రం వాల్వుది.

అందుకని దుకాణంలోనే పరీక్ష పెట్టండి. చేతికి చుట్టే పట్టీని, అంటే కఫ్‌ని, నిండు లీటరు నీళ్ల సీసాకి చుట్టి 200 దాకా కొట్టి వాల్వు బిగించండి. నిమిషంలో 4 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పడకూడదు. పడితే, బల్బు నుంచి కఫ్‌కి వెళ్లే ట్యూబుని మడిచి గట్టిగా పట్టుకోండి. ముల్లు నిలబడిందా, లోపం బల్బు వైపు ఉన్నట్టు. ఇంకా దిగుతూనే ఉందా, కఫ్ లోపలి రబ్బరు బ్లాడరో, డయల్ దగ్గరి అతుకో చూడాలి. లీకు లేదని తేలాక వాల్వు మెల్లగా వదులుతూ ముల్లుని 180 నుంచి 100 దాకా దించి చూడండి. సుమారు అర నిమిషం పట్టాలి. మధ్యలో ఎక్కడా దూకకూడదు. కౌంటర్ దగ్గర రద్దీగా ఉంటే విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

డయల్‌లో చూడాల్సింది సున్నా. గాలి లేనప్పుడు ముల్లు సున్నా దగ్గరి చిన్న గడిలో ఉండాలి. కొన్ని డయళ్లలో సున్నా దగ్గర ముల్లుకి అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది. అవి వద్దు. లోపల స్ప్రింగు దెబ్బతిన్నా ముల్లు ఆ పిన్నుకి ఆనుకుని బుద్ధిమంతురాలిలా సున్నానే చూపిస్తుంది. ఒక్కసారి కిందపడ్డ డయల్‌ని నమ్మొద్దు. వై ఆకారపు కనెక్టరుతో సరైన మీటరుకి కలిపి 60, 120, 180 దగ్గర పోల్చాలి. తేడా ప్లస్ ఆర్ మైనస్ 3 లోపుంటే సరే. ఏం పడకపోయినా ఆరు నెలలకోసారి ఈ పోలిక అవసరం.

ఇంకో విషయం. డయల్‌పై గీతలు రెండేసి మిల్లీమీటర్ల చొప్పున ఉంటాయి. దాని మీద 125 చూశానని ఎవరైనా రాస్తే అది చూసింది కాదు, ఊహించింది. వరసగా పది బెడ్లకి 120/80 రాసిన చార్టు సంగతి సరేసరి. వార్డు సిస్టర్లకి అది దూరం నుంచే తెలిసిపోతుంది.

కఫ్ విషయంలో సెట్టుతో వచ్చే ఒక్క సైజుతో సరిపెట్టుకోకండి. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి జబ్బ చుట్టుకొలత చూడాలి. లోపలి బ్లాడర్ పొడవు అందులో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. జబ్బ 30 సెంటీమీటర్లుంటే బ్లాడర్ 24 పొడవు, 12 వెడల్పు. లావుపాటి చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ వస్తుంది. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చిక్కి శల్యమైన చేతికి పెద్ద కఫ్ చుడితే ఉన్న బీపీ తగ్గి కనపడుతుంది. పెద్ద కఫ్ ఒకటి విడిగా కొనిపెట్టుకోండి. నీలోఫర్‌లో వాడే పిల్లల కఫ్ మాత్రం స్టూడెంటు కొననక్కర్లేదు.

చుట్టే చోట బట్ట ఉండకూడదు. అలాగని బిగుతు జాకెట్టు చేతినో బుర్ఖా చేతినో పైకి మడిస్తే ఆ మడతే పైన కట్టు కట్టినట్టు బిగుసుకుంటుంది. స్క్రీను అడ్డం పెట్టి చెయ్యి బయటికి తీయించాలి. దీనికి పట్టేది ఒక నిమిషం. డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపిన (ఫిస్టులా) చేతికీ, సెలైన్ ఎక్కుతున్న చేతికీ, చంకలోని లింఫు గ్రంథులు కూడా తీసేసి రొమ్ము ఆపరేషన్ చేసిన వైపు చేతికీ కఫ్ చుట్టొద్దు. ముందు ‘అమ్మా, చెయ్యి కొంచెం బిగుసుకుంటది, నిమిషంల వదిలేస్త’ అని చెప్పండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకి ఆనుడు, చేతికి గుండె ఎత్తులో ఊతం ఇచ్చి, కాలు మీద కాలు వేసుకోకుండా చూసుకోండి. కఫ్ కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్ల పైన ఉండాలి. ముందు మణికట్టు నాడి పట్టుకుని గాలి కొట్టి, నాడి ఆగిన అంకె చూసుకుని గాలి తీసేయాలి. స్టెత్ పెట్టాక ఆ అంకెకి 30 పైకి మాత్రమే కొట్టాలి. కొందరు ప్రతి చేతికీ 200 దాకా కొట్టేస్తారు. అది అక్కర్లేని నొప్పి.

స్టెతస్కోపుకి మొదటి ఏడాదిలో వేలకు వేలు పోయక్కర్లేదు. మెత్తటి ఇయర్‌టిప్స్, మందపాటి సింగిల్ ట్యూబు ఉంటే చాలు. కిట్‌లో వచ్చే గట్టి ప్లాస్టిక్ టిప్స్ చెవిలో సరిగ్గా కూర్చోవు, వార్డు గోలంతా లోపలికి వస్తుంది. టిప్స్ ముక్కు వైపు వాలి ఉండేలా పెట్టుకోవాలి. తిరగేసి పెట్టుకుంటే ఏమీ వినపడదు. రెండు తలలున్న దాంట్లో ఒకసారికి ఒక వైపే తెరుచుకుంటుంది కాబట్టి పేషెంటు దగ్గరికి వెళ్లేముందు డయాఫ్రమ్‌ని, అంటే ఒంటికి ఆనించే పలుచటి పొరని, వేలితో మెల్లగా తట్టండి. ‘టప్’మని చెవిలో మోగకపోతే స్టెత్ తల తిప్పండి. ‘మిషన్ పనిచేయట్లేదు సిస్టర్’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే. మెడకి నేరుగా తగిలేలా వేసుకుంటే చెమటకీ నూనెకీ ట్యూబు గట్టిపడి పగులుతుంది. మే నెలలో బండి డిక్కీలో పెట్టినా అంతే.

ప్రతి పేషెంటు తర్వాత డయాఫ్రమ్‌ని, ఇయర్‌టిప్స్‌ని స్పిరిట్ దూదితో తుడవడం ఎలాగూ అలవాటవుతుంది. అందరూ మరిచేది కఫ్‌నే. వారానికోసారి బ్లాడర్ బయటికి తీసి, గుడ్డని సబ్బు నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. వెల్క్రో మూసి ఉతికితే దారాలు పట్టవు. బ్లాడర్ తిరిగి పెట్టేటప్పుడు ట్యూబులు వచ్చిన రంధ్రంలోంచే రావాలి, లోపల మడత పడకూడదు. మడత పడితే ఒక పక్కే ఉబ్బుతుంది.

ఆన్‌లైన్‌లో ఇదే సెట్టు ఒక్కోసారి చవగ్గా దొరుకుతుంది. అయినా కోఠీకే మొగ్గు, ఎందుకంటే బల్బు, వాల్వు, బ్లాడర్, కఫ్ గుడ్డ అన్నీ విడిగా దొరుకుతాయి. వెల్క్రో పోయిందని సెట్టంతా పారేయక్కర్లేదు. పాతదాన్ని వెంట తీసుకెళ్లండి, ట్యూబు లావు సరిచూసుకోవడానికి. బిల్లు మీద డయల్ సీరియల్ నంబరు రాయించుకోండి. ఇయర్‌టిప్స్ ఒక జత ఎక్కువ కొనండి, హాస్టల్లో అవే ముందు మాయమవుతాయి.