ఏటీఆర్ 72-600: కిటికీ సీటు దొరికితే వదలకండి

హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఈ చిన్న విమానంలో వెళ్ళాను. ఫ్యాన్ల (ప్రొపెల్లర్ల) విమానం అని చాలామంది మొహం చిట్లిస్తారు గానీ నాకైతే పెద్ద జెట్ విమానం ఎయిర్‌బస్ ఏ320 కన్నా ఇదే నచ్చింది. కారణం రెక్క. బాడీ కింద కాకుండా పైన ఉంటుంది కాబట్టి ఏ వరుసలో కూర్చున్నా నేల కనిపిస్తుంది, దిగేటప్పుడు గోదావరిని తనివితీరా చూడొచ్చు. రెక్క కింద వరుసల్లో కూర్చుంటే ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలు) వంగడం, చక్రాలు బయటికి రావడం కళ్ళ ముందే జరుగుతుంది.

రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 27 మీటర్ల పొడవు, సన్నగా, దాదాపు తిన్నగా ఉంటుంది. ఏ320 రెక్క 25 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, అది ధ్వని వేగానికి దగ్గరగా ఎగరాలి కాబట్టి. గంటకు 500 కిలోమీటర్ల దగ్గర తిరిగే దీనికి ఆ అవసరం లేదు. పొడవాటి సన్న రెక్కకు డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) తక్కువ, ఇంధనం ఆదా, చిన్న రన్‌వే మీద కూడా నెమ్మదిగా దిగిపోతుంది.

ఇక మైనస్‌లు. బరువుతో పోలిస్తే రెక్క పెద్దది కాబట్టి గాలి కాస్త విసిరినా ఊగుతుంది, పైగా 25,000 అడుగులు దాటదు, వానాకాలంలో మబ్బుల పైకి వెళ్ళి తప్పించుకునే వీల్లేదు, ఎండకు గాలి అల్లకల్లోలంగా ఉండే మధ్యాహ్నం ఫ్లైట్ అయితే కొంచెం టెన్షనే. ముందు వరుసలు ప్రొపెల్లర్ల పక్కనే, చెవులు హోరెత్తుతాయి, వెనక సీటు తీసుకోండి. ఎక్కే తలుపు కూడా వెనకే. పైన అరలు చిన్నవి, పెద్ద ట్రాలీ బ్యాగ్ పట్టకపోవచ్చు.