‘కెన్ ఐ గెట్’ అనాలా, ‘కుడ్ ఐ హావ్’ అనాలా?

అమెరికా హోటల్లో తిండి ఆర్డర్ చెప్పేటప్పుడు ‘కెన్ ఐ గెట్’ అంటే చెవికి మామూలుగానే ఉంటుంది. బ్రిటన్‌లో కుర్రకారు అదే అంటున్నా, పెద్దవాళ్లు చాలామందికి అది రుచించదు. కాబట్టి రెండోదాన్నే అలవాటు చేసుకోండి, రెండు దేశాల్లోనూ చెల్లుతుంది. చివర ‘ప్లీజ్’ మరవకండి. మనం ‘రెండు ఇడ్లీ ఇవ్వండి’ అంటే ఆ ‘అండి’లోనే మర్యాదంతా ఉంది. ఇంగ్లీషులో ‘గివ్ మీ’ అని ఎంత మెత్తగా పలికినా ఆజ్ఞలాగే ఉంటుంది.

శాకాహారులు ఇంకో ప్రశ్న కూడా నేర్చుకోవాలి. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ పేరులో ఉల్లిపాయే ఉన్నా, సాధారణంగా దాన్ని గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు. ‘కుడ్ యూ చెక్ విత్ ద కిచెన్, ప్లీజ్?’ అని నిస్సంకోచంగా అడగండి. అడగడం తప్పు కాదు, వాళ్లూ ఏమీ అనుకోరు.

పిలిచే తీరులోనూ తేడా ఉంది. బ్రిటన్ పబ్బుల్లో చాలావాటిలో మనమే కౌంటరు దగ్గరికి వెళ్లి, మన వంతు వచ్చేదాకా ఆగాలి. అమెరికాలో సర్వరే బల్ల దగ్గరికి వచ్చి పలకరిస్తారు. బదులు పలకరించాకే ఆర్డర్ చెప్పడం బాగుంటుంది. చిటికెలు రెండుచోట్లా అవమానమే.

డబ్బు కట్టేటప్పుడు అమెరికాలో ‘చెక్’ అడగాలి, బ్రిటన్‌లో ‘బిల్’. అమెరికాలో టిప్పు 18 నుంచి 20 శాతం ఇవ్వడం ఆనవాయితీ. లండన్ రెస్టారెంట్లలో తరచూ 12.5 శాతం సర్వీసు చార్జీ బిల్లులోనే కలిపేస్తారు, చూసి కట్టండి.