పది నిమిషాల టిఫ్ఫా, నలభై నిమిషాల టిఫ్ఫా

మా పాపకి మొన్ననే మూడో నెల వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు మొత్తం ఏడు స్కానింగులు చేయించుకున్నాను, మొదటి నాలుగు తెనాలిలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న సెంటర్లో, తర్వాత మూడు గుంటూరు కొత్తపేటలో. పేర్లు రాయడం లేదు. మీరు ఏ ఊళ్ళో ఏ సెంటర్‌కి వెళ్ళినా ఏం చూసుకోవాలి, ఏం అడగాలి అన్నది తెలియడమే ముఖ్యం, అది తెలియకే నేను నాలుగు రోజులు నరకం చూశాను.

ఆ నాలుగు రోజుల సంగతి ముందు చెప్తాను. ఐదో నెలలో, సరిగ్గా 20 వారాలకి, తెనాలి సెంటర్లో టిఫ్ఫా స్కాన్ చేయించుకున్నాను. బిడ్డ తల నుంచి కాలివేళ్ళ దాకా ఒక్కొక్క అవయవం సరిగ్గా ఏర్పడిందా లేదా చూసే స్కాన్ ఇది, మామూలుగా 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. నా ముందు పదిహేనుమంది, నా వెనక ఇరవైమంది. లోపలికి పిలిచి, పొట్ట మీద జెల్ రాసి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే చేశారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. "ఎలా ఉందండీ?" అని అడిగితే "రిపోర్టు మీ డాక్టరుకి చూపించండమ్మా" అన్నారు, అంతే. బయటికొచ్చాక కవరు తెరిస్తే గుండె నార్మల్, వెన్నెముక నార్మల్ అని ఒక్కొక్క ముక్క, కింద మాత్రం నల్లటి అక్షరాలతో 'లో లయింగ్ ప్లాసెంటా' అని ఉంది.

అది శనివారం సాయంత్రం. మా డాక్టరమ్మ ఊళ్ళో లేరు, మంగళవారం గానీ రారు. మాయ కిందకి ఉందట అని చెప్తే అమ్మ ఏడుపు మొదలుపెట్టింది, మా అత్తయ్య వాళ్ళ ఊళ్ళో ఎవరికో ఇలాగే అయి రక్తం పోయిందని చెప్పింది, మా ఆయన రాత్రంతా ఫోన్లో వెతుకుతూ కూర్చున్నారు. మంచం దిగడానికి కూడా భయపడ్డాను. స్కాన్ చేసిన ఆయన ఆ రోజు రెండు నిమిషాలు ఆగి ఒక్క మాట చెప్పి ఉంటే ఇంట్లో ఎవరికీ ఆ టెన్షన్ ఉండేది కాదు, ఈ విషయంలో నాకు కోపం ఇప్పటికీ పోలేదు.

మంగళవారం మా డాక్టరమ్మ రిపోర్టు చూసి, గుండె గురించి ఇంత తక్కువ రాస్తే ఎలా అని, గుంటూరులో కడుపులో బిడ్డల వైద్యంలోనే ప్రత్యేకంగా చదువుకున్న డాక్టరు దగ్గరికి, అంటే ఫీటల్ మెడిసిన్ వాళ్ళ దగ్గరికి పంపారు. అక్కడ నలభై నిమిషాలు పట్టింది. తెర నా వైపు తిప్పి, ఇదిగో అమ్మా గుండెలో నాలుగు గదులు, ఇవి గుండె నుంచి బయటికొచ్చే రెండు పెద్ద రక్తనాళాలు, ఇది జీర్ణాశయం, ఇవి రెండు కిడ్నీలు, ఇది పై పెదవి, ఇవి వేళ్ళు అని ఒక్కొక్కటీ చూపించారు. బిడ్డ బోర్లా తిరిగి ఉంటే నన్ను కాసేపు నడిచి రమ్మని మళ్ళీ పిలిచారు. మాయ సంగతి కూడా కొలిచి చెప్పారు: మాయ అంచు గర్భాశయ ముఖద్వారానికి 14 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, 20 మిల్లీమీటర్ల లోపు ఉంటే కిందకి ఉంది అంటారు, అయితే నెలలు పెరిగే కొద్దీ గర్భసంచి కింది భాగం సాగుతుంది కాబట్టి చాలామందిలో మాయ దానంతట అదే పైకి జరుగుతుంది, 32 వారాలకి మళ్ళీ చూద్దాం, ఈలోగా ఒక్క చుక్క రక్తం కనిపించినా అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి వచ్చేయండి అన్నారు. ఆ రాత్రి అందరం నిద్రపోయాం. టిఫ్ఫాలో అన్ని లోపాలూ కనబడవని, కొన్ని తర్వాత నెలల్లోనే బయటపడతాయని కూడా ఆ గుంటూరు డాక్టరే చెప్పారు, దాచకుండా చెప్పినందుకు నమ్మకం ఇంకా పెరిగింది.

ఈ స్కాన్ వాయిదా వేయొద్దని ఎందుకంటారో అప్పుడే తెలిసింది. ఏదైనా పెద్ద లోపం కనబడితే మరికొన్ని పరీక్షలు చేయించుకుని, ఆలోచించుకోవడానికి టైమ్ ఉండాలి. 2021లో మార్చిన చట్టం ప్రకారం 24 వారాలు దాటాక గర్భం తీయించుకోవాలంటే బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. అందుకే 23వ వారంలో చేయించుకుందాంలే అని కూర్చోకండి.

మిగతా స్కాన్ల గురించి. నెల తప్పిన పది రోజులకే ఆత్రంగా వెళ్ళాను, సంచి మాత్రమే కనిపించింది, గుండె చప్పుడు లేదన్నారు. ఐదు వారాల చిల్లరకి అలాగే ఉంటుందట, రెండు వారాలు ఆగి వెళ్తే టుక్కుటుక్కుమని కొట్టుకోవడం కనిపించింది. ఈ తొలి స్కాన్ చాలావరకు కింది నుంచి చేస్తారు, టీవీఎస్ అంటారు, మొదటిసారి బిడియంగా ఉంటుంది గానీ బిడ్డకి ఏమీ కాదు. స్కానింగ్‌లో ఎక్స్‌రేలా రేడియేషన్ ఉండదు, శబ్ద తరంగాలే. ఈ స్కాన్‌లో బిడ్డ పొడవు కొలిచి ఇచ్చిన డెలివరీ తేదీని గుర్తుపెట్టుకోండి, అదే నమ్మదగినది. తర్వాతి రిపోర్టుల్లో ఒక్కోసారి వారం అటూ ఇటూ వేరే తేదీ వస్తుంది, అది బిడ్డ సైజును బట్టి మెషీన్ వేసే లెక్క. నాకు మూడు రిపోర్టుల్లో మూడు తేదీలు వచ్చాయి.

ఎన్‌టీ స్కాన్ మాత్రం తెనాలిలో బాగా చేశారు, ఆ రోజు వేరే డాక్టరు ఉన్నారు. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే చేయాలి, ఆ టైమ్ దాటితే మళ్ళీ కుదరదు. బిడ్డ మెడ వెనక ఉండే నీటి పొర మందం కొలుస్తారు, ముక్కు ఎముక చూస్తారు, దాంతోపాటు డబుల్ మార్కర్ అని రక్త పరీక్ష. నాకు 1.4 మిల్లీమీటర్లు వచ్చింది. ఎక్కువ వస్తే బిడ్డకి డౌన్ సిండ్రోమ్ లాంటి జబ్బు ఉన్నట్టు కాదు, ఉండే అవకాశం ఎక్కువ అని మాత్రమే, అసలు ఉందో లేదో తేల్చే పరీక్షలు వేరే ఉంటాయి. మా పక్కింటి అమ్మాయికి డబుల్ మార్కర్‌లో రిస్క్ ఎక్కువ అని వస్తే ఇంట్లో వాళ్ళు ఏకంగా బిడ్డ వద్దనుకునే దాకా వెళ్ళారు, ఉమ్మనీరు తీసి పరీక్ష చేస్తే ఏమీ లేదు. దయచేసి ఒక్క కాగితం చూసి నిర్ణయాలు తీసుకోకండి.

32 వారాలకి గుంటూరులోనే గ్రోత్ స్కాన్. మాయ పైకి జరిగింది, 34 మిల్లీమీటర్లు. ఆ మాట విని బల్ల మీదే ఏడ్చేశాను. ఉమ్మనీరు సరిపోను ఉంది. 36 వారాలకి డాప్లర్ చేశారు, బొడ్డుతాడులో రక్తం సరిగ్గా పారుతోందా లేదా అని చూడటానికి. బరువు 2.6 కిలోలు అన్నారు, అది అంచనాయే, పది శాతం దాటి కూడా తేడా రావచ్చట.

త్రీడీ ఫొటోల ప్యాకేజీ మూడు వేలు అని తెనాలిలో ప్రతిసారీ అడిగేవారు. ముఖం చూసుకోవాలని ఉంటే ఏడో నెలలో చేయించుకోవచ్చు, తప్పేం లేదు, కానీ డాక్టరు ఏదైనా అనుమానంతో రాస్తే తప్ప అది వైద్యానికి అవసరం కాదు. ఆ డబ్బు మంచి టిఫ్ఫాకి పెట్టండి.

మా ఆడపడుచు రిపోర్టులో మాయ ముందు వైపు ఉందని చూసి ఆడపిల్లే అని తేల్చేసింది. దానికీ దీనికీ సంబంధం లేదు. 1994 నాటి చట్టం ప్రకారం పుట్టేది ఆడో మగో చెప్పినవాళ్ళే కాదు, చెప్పించుకోవాలని చూసిన ఇంట్లోవాళ్ళూ శిక్షకి గురవుతారు. మన వివరాలతో ఫారం ఎఫ్ అనే కాగితం నింపించేది ఆ చట్టం వల్లే, వాళ్ళ మీద విసుక్కోకండి. చెప్తామని ఎవరైనా సైగ చేస్తే ఆ సెంటర్ నుంచి లేచి వచ్చేయండి.

గుంటూరు సెంటర్‌లో నచ్చనివీ ఉన్నాయి. తొమ్మిదింటికి టోకెన్ తీసుకుంటే పన్నెండున్నరకి పిలిచారు, కుర్చీలు చాలక ఎనిమిదో నెల వాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు, ఆడవాళ్ళకి ఒక్కటే బాత్రూమ్. భర్తని ఆఖరి ఐదు నిమిషాలే రానిచ్చారు. టిఫ్ఫాకి తెనాలిలో 1,800 అయితే ఇక్కడ 3,000, పైగా కారు ఖర్చు. అంత పెట్టలేని వాళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. తెలంగాణలో 2022లో చాలా ప్రభుత్వ ఆసుపత్రులకి టిఫ్ఫా మెషీన్లు ఇచ్చారు, హైదరాబాద్‌లో ఉండే మా పిన్ని కూతురు పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో పైసా ఖర్చు లేకుండా చేయించుకుంది. ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు కూడా ఉంటాయి.

తెనాలి సెంటర్‌కి ఐదుకి రెండు, ఆ రెండూ ఎన్‌టీ చేసిన డాక్టరుకే. గుంటూరుకి నాలుగు. వెళ్ళేటప్పుడు మొదటి స్కాన్ రిపోర్టుతో సహా పాత ఫైలంతా తీసుకెళ్ళండి, టిఫ్ఫాకి టోకెన్ తీసుకునే ముందే ఎవరు చేస్తారు, ఎంతసేపు చేస్తారు అని ఫోన్ చేసి కనుక్కోండి, రిపోర్టులో ఏ మాట అర్థం కాకపోయినా కవరు పట్టుకుని అక్కడే నిలబడి అడగండి.