డిస్కాగ్స్‌లో ఊరూ పేరూ లేని పంక్ రికార్డుల వేట: ఏళ్ల వాడకం తర్వాత

రికార్డుల వివరాలు, అమ్మకాలు రెండూ ఉండే డిస్కాగ్స్ సైట్‌ని చాలామంది ధర చూసుకోడానికి తెరుస్తారు. ఏళ్లుగా వాడాక నాకు తేలింది ఏంటంటే, ఆ సైట్‌లో అన్నిటికంటే బలహీనమైన సమాచారం ధరే. అసలు బలం అట్ట వెనకవైపు చిన్నక్షరాల్లో ఉండే సంగతుల్లో ఉంది: ఎక్కడ రికార్డు చేశారు, మెషిన్ దగ్గర ఎవరు కూర్చున్నారు, ఎవరు పంచిపెట్టారు, గాడులు అయిపోయాక మిగిలిన నున్నటి పట్టీ మీద ఏం గీశారు. పేరు కూడా వినని బ్యాండ్ దగ్గరికి చేరాలంటే అదే దారి. 1977 నుంచి 1990ల నడుమ దాకా సొంత డబ్బుతో కొన్ని వందల కాపీలు వేసుకున్న పంక్, లో-ఫై (ఇంటి పనిముట్లతో గరుకుగా చేసిన) రికార్డుల్ని వెతకడానికి ఈ సైట్ ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చెయ్యిస్తుంది అన్నంతవరకే ఈ సమీక్ష.

2000లో కెవిన్ లెవాండోస్కీ ఎలక్ట్రానిక్ సంగీతం కోసం మొదలుపెట్టిన జాబితా ఇది. రాక్ తర్వాత వచ్చి చేరింది. వివరాలు ఎక్కించేదీ దిద్దేదీ వాడేవాళ్లే. ఒకే సింగిల్‌ని (ఒకట్రెండు పాటల చిన్న రికార్డుని) రెండుసార్లు ప్రెస్ చేస్తే, అంటే అచ్చేస్తే, రెండు పేజీలు ఉంటాయి, ఆ రెంటినీ కలిపి ఒక మాస్టర్ పేజీ ఉంటుంది. కొత్తవాళ్లు మాస్టర్ పేజీ దగ్గరే ఆగిపోతారు. స్టూడియో, ఇంజినీరు, రన్‌అవుట్ (పైన చెప్పిన నున్నటి పట్టీ) గీతలు ఉండేది విడి ప్రెసింగ్ పేజీలోనే, కాబట్టి లోపలికి వెళ్లాల్సిందే.

బ్యాండ్ పేరుతో వెతికితే తెలిసిన బ్యాండే దొరుకుతుంది. అందుకని పేరు పెట్టె ఖాళీగా వదిలేసి ఫిల్టర్లతో వెళ్లాలి. జానర్ రాక్, స్టైల్‌లో పంక్ లేదా లో-ఫై, ఫార్మాట్ 7 అంగుళాలు, ఒక దేశం, ఒకే ఒక్క సంవత్సరం. పదేళ్లు కలిపి వెతికితే వేల పేజీలు వచ్చిపడి కళ్లు తిరుగుతాయి. ఒక దేశం, ఒక ఏడాది అనుకుంటే ఒక సాయంత్రానికి సరిపడే జాబితా వస్తుంది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. లేబుల్ పేరు కూడా లేకుండా బ్యాండే వేసుకున్న రికార్డుల్ని ఈ సైట్ 'నాట్ ఆన్ లేబుల్' అనే పేరు కింద పెడుతుంది. లేబుల్ పెట్టెలో ఆ మాట కొట్టి, పై ఫిల్టర్లు కలిపితే ఏ కంపెనీ కంటా పడనివి బయటికొస్తాయి. లో-ఫై స్టైల్‌ని మాత్రం పూర్తిగా నమ్మకండి. అది 1990ల మాటగా బలపడింది కాబట్టి 1980ల మొదట్లో ఇంట్లో రికార్డు చేసినవి చాలావరకు పోస్ట్-పంక్ లేదా న్యూ వేవ్ కిందే ఉంటాయి.

ప్రతి పేజీలో 'హ్యావ్', 'వాంట్' అని రెండు అంకెలు కనిపిస్తాయి: ఎంతమంది దగ్గర ఉంది, ఎంతమందికి కావాలి. హ్యావ్ తక్కువ, వాంట్ ఎక్కువ ఉంటే ఆ రికార్డు సంగతి లోకానికి ఇప్పటికే తెలిసిపోయింది. దాని ధర ఆకాశంలో ఉంటుంది. వెతికేవాడు చూడాల్సింది రెండూ తక్కువ ఉన్నవి. ముప్పై మంది దగ్గర ఉండి పదిమందే అడుగుతున్న సింగిల్ అంటే ఇంకా ఎవరూ సరిగ్గా వినలేదని అర్థం. అందులో చెత్త కూడా బోలెడు ఉంటుంది, ఆ మాట దాచను. కానీ బంగారం ఉంటే అక్కడే ఉంటుంది. నక్షత్రాల రేటింగ్‌ని అసలు పట్టించుకోనక్కర్లేదు. ఆరుగురు వేసిన 4.8, ఆ రికార్డు మీద డబ్బు పెట్టిన ఆరుగురి మమకారం అంతే.

ఇక నిజంగా ఈ సైట్‌కి నేను రుణపడి ఉన్నది పేర్ల మీద నొక్కుకుంటూ పోయే సౌకర్యానికి. న్యూజిలాండ్ ఉదాహరణే తీసుకోండి. ది క్లీన్ బ్యాండ్ 1981 నాటి 'బూడుల్ బూడుల్ బూడుల్' ఈపీ (సింగిల్‌కీ ఆల్బమ్‌కీ మధ్య నిడివి రికార్డు) పేజీలో క్రిస్ నాక్స్, డగ్ హుడ్ పేర్లు కనిపిస్తాయి. నాలుగు విడి వరసల్లో రికార్డు చేసే టీయాక్ 4-ట్రాక్ రీల్ మెషిన్ మీద ఆ రికార్డు చేసింది వాళ్లే, అది ఆ దేశపు టాప్ 10కి కూడా ఎక్కింది. నాక్స్ పేరు మీద నొక్కితే ఒకవైపు అతని బ్యాండ్ టాల్ డ్వార్ఫ్స్, ఇంకోవైపు 1982 నాటి 'డునెడిన్ డబుల్'. రెండు డిస్కుల మీద నాలుగు బ్యాండ్లు: ది చిల్స్, స్నీకీ ఫీలింగ్స్, ది స్టోన్స్, ది వెర్లెయిన్స్. లేబుల్ ఫ్లయింగ్ నన్, 1981లో క్రైస్ట్‌చర్చ్‌లో రోజర్ షెపర్డ్ పెట్టింది. దాని క్యాటలాగ్‌లో కిందికి దిగితే 1988లో ది డెడ్ సీ తొలి ఆల్బమ్ 'డీఆర్503'. అందులో బ్రూస్ రసెల్ పేరు నొక్కితే ఎక్స్‌ప్రెస్‌వే అనే క్యాసెట్ లేబుల్. డెడ్ సీ పేజీకి వెనక్కి వస్తే 1992 నాటి డబుల్ ఎల్పీ అమెరికాలో, ఫిలడెల్ఫియాకి చెందిన సిల్ట్‌బ్రీజ్ మీద. సిల్ట్‌బ్రీజ్ క్యాటలాగ్‌లో 1994కి వస్తే గైడెడ్ బై వాయిసెస్ ఈపీ ఒకటి. అక్కణ్ణుంచి ఒహైయో రాష్ట్రంలోని డేటన్ ఊరు, 1992లో 500 కాపీలు వేసి ఒక్కో అట్టనీ చేత్తో చేసిన 'ప్రొపెల్లర్'. న్యూజిలాండ్‌లోని డునెడిన్ ఊరి నుంచి డేటన్‌కి ఏడెనిమిది నొక్కుల్లో చేరిపోయాం. ఏ యాప్ సూచనలూ ఈ దారి చూపించవు, ఎందుకంటే అవి ఒకేలా వినిపించేవాటిని కలుపుతాయి. ఇక్కడ కలిపింది మనుషులు.

అన్ని పేర్లూ ఇలా దారి చూపవు. చిన్న స్టూడియో, రికార్డు చేసిన వ్యక్తి, లేబుల్ చిరునామా, కృతజ్ఞతల్లో ఉన్న బ్యాండ్లు మంచి దారులు. ప్రెసింగ్ ఫ్యాక్టరీ పేరు చెడ్డ దారి, అక్కడ భక్తిగీతాల నుంచి పెద్ద కంపెనీల పాప్ దాకా అన్నీ అచ్చవుతాయి. ప్రెసింగ్‌కి మూలమైన మాస్టర్ పలక మీద గాడులు కోసినవాళ్ల పేరు కూడా అంతే. బ్రిటిష్ రికార్డుల రన్‌అవుట్‌లో 'ఎ పోర్కీ ప్రైమ్ కట్' అని చేత్తో గీసి ఉంటే అది జార్జ్ పెక్‌హమ్ కోసిన మాస్టర్. చూడగానే సంబరంగా ఉంటుంది గానీ ఆయన అన్నిరకాల కంపెనీలకీ కోశాడు. ఆ గీత ప్రెసింగ్‌ని గుర్తుపట్టడానికి పనికొస్తుంది, కొత్త బ్యాండ్‌ని కనిపెట్టడానికి కాదు.

1977-80 నాటి బ్రిటిష్ సింగిల్స్ పేజీలు మిగతావాటికంటే నిండుగా ఉండటానికి కారణం ఉంది. ఆ బ్యాండ్లే అన్నీ అట్టమీద రాసిపెట్టాయి. 1977 జనవరిలో బజ్‌కాక్స్ సొంతంగా వేసిన 'స్పైరల్ స్క్రాచ్' అట్ట మీద ఏ పాట ఎన్నో టేక్ (ఎన్నోసారి పాడింది), ఎన్ని ఓవర్‌డబ్‌లు (తర్వాత పైన కలిపినవి) అన్నది ఉంది. డెస్పరేట్ బైసికిల్స్ అదే ఏడాది తమ మొదటి సింగిల్‌కి 153 పౌండ్లు అయిందని బయటపెట్టి, ఇది తేలికే, చవకే, మీరూ చేయండి అని పిలుపిచ్చారు. స్క్రిట్టీ పొలిట్టీ 1978 సింగిల్ అట్ట మీద రికార్డింగ్, మాస్టరింగ్, ప్రెసింగ్ ఖర్చులు విడివిడిగా అచ్చేశారు. ఈ అట్టల ఫొటోలు పెద్దవి చేసి చదవండి. డేటాబేసులోకి ఎక్కని పేర్లు ఫొటోలో ఉంటాయి. ఫొటో లేని పేజీని సగం పేజీగానే లెక్కేయాలి.

సంకలనాలు ఇంకో తలుపు. 1980ల చివర మొదలైన 'కిల్డ్ బై డెత్' అనే అరుదైన పంక్ సింగిల్స్ వరస అనుమతుల్లేకుండా వేసిన బూట్‌లెగ్. ఇలాంటి అనధికారిక విడుదలల్ని డిస్కాగ్స్ అమ్మకానికి పెట్టనివ్వదు. పేజీ మాత్రం ఉంటుంది, పాటల పట్టికలో ప్రతి బ్యాండ్ పేరూ దాని అసలు సింగిల్‌కి దారి తీస్తుంది. నాకు అంతకంటే ఇష్టమైనది హైప్డ్ టు డెత్ వాళ్ల 'మెస్‌థెటిక్స్' వరస. అది బ్రిటన్‌లో ఇళ్లల్లో చేసుకున్న రికార్డులకే అంకితమైంది. ఆ పట్టికల్లోని ఒక్కో పేరూ చూసుకుంటూ పోతే ఆర్నెల్లకి సరిపడా పని.

ఇప్పుడు చెయ్యిచ్చే చోట్లు. ఒకే పేరున్న బ్యాండ్లు పంక్‌లో కోకొల్లలు. సైట్ వాటి పక్కన బ్రాకెట్లో అంకె వేసి వేరుచేస్తుంది, కానీ ఎక్కించినవాళ్లు తప్పు అంకె ఎంచుకుంటే ఇంగ్లండ్ కుర్రాళ్ల సింగిల్ ఆస్ట్రేలియా బ్యాండ్ పేజీలో తేలుతుంది. ఊరు, ఏడాది, సభ్యుల పేర్లు మూడూ సరిపోలితేనే నమ్మాలి. సొంత రికార్డుల మీద చాలాసార్లు ఏడాది ఉండదు. పేజీలో ఉన్న ఏడాది ఎవరిదో ఊహ కావచ్చు. మార్పుల చరిత్ర తెరిస్తే ఎక్కడినుంచి తెచ్చారో కొన్నిసార్లు రాసి ఉంటుంది. అప్పటి ఫ్యాన్‌జీన్ల (అభిమానులు సొంతంగా వేసుకున్న పత్రికల) స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బాగానే ఉన్నాయి, సమీక్ష ఏ సంచికలో వచ్చిందో చూస్తే ఏడాది తేలిపోతుంది.

పేజీకి జతచేసిన వీడియోల్లో వేగం తప్పు తరచుగా కనిపిస్తుంది. నిమిషానికి 45 చుట్లు తిప్పాల్సింది 33 చుట్లే తిప్పితే శ్రుతి సుమారు అయిదు స్వరస్థానాలు కిందికి పోతుంది, పాట బరువుగా, బద్ధకంగా వినిపిస్తుంది. కొందరు అదే బ్యాండ్ శైలి అనుకుంటారు. గాయకుడి మాటల చివర్లు సాగుతున్నాయా అని వినండి, అట్ట మీద నిడివి ఉంటే పోల్చండి.

ధరల చరిత్ర మూడు నాలుగు అమ్మకాల మీద ఆధారపడితే మధ్యస్థ ధరకి అర్థమే లేదు. ఒక్కరు ఆవేశంలో కొంటే అంకె మారిపోతుంది. కండిషన్ విషయంలో 'వీజీ' (వెరీ గుడ్) అన్న గ్రేడ్‌ని 'చాలా బాగుంది' అని అర్థం చేసుకుంటే దెబ్బతింటారు. ఆ కొలమానంలో వీజీ అంటే పాట వెనక గరగర స్పష్టంగా వినిపించే కాపీ. పంక్ సింగిల్‌కి దాని పైమెట్టు వీజీ ప్లస్ చాలు, దాదాపు కొత్తదనిపించే నియర్ మింట్ కోసం రెట్టింపు పెట్టడం నా లెక్కలో దండగ. చూసి ఇచ్చిన గ్రేడా, వేసి విని ఇచ్చిన గ్రేడా అని అమ్మేవాళ్లని తప్పకుండా అడగండి. ఖరీదైనదైతే రన్‌అవుట్ ఫొటో కూడా అడిగి పేజీలోని గీతలతో అక్షరం అక్షరం పోల్చండి. నకిలీ అట్టని పట్టేది ఫొటోలోని చుక్కలు: అచ్చయిన బొమ్మని స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తే చుక్కల మీద చుక్కలు పడి అలల్లాంటి మరకలు వస్తాయి, భూతద్దంలో తెలిసిపోతుంది.

హైదరాబాద్‌కో విజయవాడకో తెప్పించుకునేవాళ్లకి రెండు ముక్కలు. చాలామంది అమ్మకందార్లు ఇండియాకి పంపరు, ముందుగా మెసేజ్ పెట్టి అడగాలి. పోస్టు ఖర్చు ఒక సింగిల్‌కీ నాలుగైదు సింగిల్స్‌కీ పెద్ద తేడా ఉండదు కాబట్టి ఒకే దుకాణంలో పోగేసుకుని తెప్పించుకోండి. కస్టమ్స్ సుంకం వస్తువు ధర మీదే కాదు, రవాణా ఖర్చు కలిపిన మొత్తం మీద వేస్తారు, అది బడ్జెట్‌లో పెట్టుకోవాలి. రికార్డుని అట్టలోంచి తీసి పక్కన పెట్టి ప్యాక్ చేయమని రాయండి, లేకపోతే దారిలో కుదుపులకి అంచు అట్ట కుట్టుని కోసేస్తుంది. ఎండాకాలం ఆర్డర్ పెట్టకుండా ఉంటే మేలు. ఎండలో ఆపిన మూసి ఉన్న బండి లోపలి వేడికి వినైల్ వంగిపోతుంది, బరువు పెట్టి అణిచినా పూర్తిగా సరికాదు.

లేత్-కట్ అని రాసి ఉన్నవి వేరే జాతి. న్యూజిలాండ్ జెరాల్డీన్‌లో పీటర్ కింగ్ పాలికార్బొనేట్ పలకల మీద ఒక్కొక్కటిగా కోసినవి చాలా లో-ఫై బ్యాండ్ల దగ్గర కనిపిస్తాయి. శబ్దం చిన్నగా, గరగరగా ఉంటుంది. అది కాపీ లోపం కాదు, డబ్బు వెనక్కి అడగొద్దు. వచ్చిన రోజే ఒకసారి డిజిటల్‌గా ఎక్కించి దాచుకోండి.

క్యాసెట్ల దగ్గర ఈ సైట్ బాగా వెనకబడి ఉంది. పేజీలు తక్కువ, ఫొటోలు తక్కువ, గ్రేడులు నమ్మలేం. చేతికొచ్చాక కూడా తీర్పు తొందరపడి ఇవ్వొద్దు. ఇంటి డెక్కుల్లో కాపీ చేసిన టేపు మన డెక్కులో మసకగా వినిపిస్తే తప్పు రికార్డింగ్‌ది కాకపోవచ్చు, హెడ్ (టేపుని చదివే భాగం) వాలు తేడా అయ్యుంటుంది. మోనో మీట నొక్కి, హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూని పాట నడుస్తుండగా పావు చుట్టు లోపే అటూ ఇటూ తిప్పండి. డ్రమ్ముల తాళాల (సింబల్స్) చప్పుడు ఎక్కడ పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి, విన్నాక మళ్లీ పాత చోటికి తేవడానికి స్క్రూ తల మీద ముందే గుర్తు పెట్టుకోండి. క్యాసెట్ లోపలి మెత్తని ఒత్తుడు ప్యాడ్ ఊడి ఉంటే స్క్రూలున్న ఇంకో క్యాసెట్ డొక్కులోకి టేపుని మార్చాలి. అరుదుగా 4-ట్రాక్ పోర్టాస్టూడియో (క్యాసెట్ మీద రికార్డు చేసే ఇంటి యంత్రం) టేపు దొరుకుతుంది. 1979లో వచ్చిన టాస్కామ్ 144 మామూలు డెక్కుకి రెట్టింపు వేగంతో, నాలుగు ట్రాకుల్నీ ఒకే దిక్కున రాస్తుంది. మామూలు డెక్కులో వేస్తే పాట ఒక స్థాయి కిందికి దిగి సగం వేగంతో నడుస్తుంది, రెండోవైపు తిప్పితే మిగతా ట్రాకులు తిరగేసి వినిపిస్తాయి. టేపు పాడైందని పారేయకండి. నాలుగు ట్రాకులూ చదివే మెషిన్ దొరికేదాకా ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచండి, రన్‌అవుట్ లాగే దాని లేబుల్ మీద చేతిరాత ప్రతి అక్షరాన్నీ పేజీలోకి ఎక్కించండి.