బస్తీ హాలులో ఉచిత బ్యాలే క్లాసు: మూడేళ్లు చూశాక మా సమీక్ష

పిల్లల్ని బ్యాలేలో చేర్చే ముందు అందరూ అడిగేది టీచరు ఎక్కడ నేర్చుకున్నారని. మూడేళ్లు చూశాక మేం చెప్పేది వేరు. ముందు గచ్చు మీద ఏం పరుస్తున్నారో చూడండి. తర్వాత, ఇప్పుడున్న టీచరు ఎన్ని నెలలుగా ఉన్నారో అడగండి. సికింద్రాబాద్ వైపు ఒక కమ్యూనిటీ హాలులో పూర్తిగా వాలంటీర్లే నడుపుతున్న ఈ క్లాసు మొదటి విషయంలో చాలా గట్టిది. రెండో దాంట్లో తడబడుతోంది.

వారానికి మూడు సాయంత్రాలు, రోజుకు 75 నిమిషాలు. 8 నుంచి 16 ఏళ్ల పిల్లలు రెండు బ్యాచ్‌లుగా వస్తారు. బ్యాచ్‌కి 14 మందిని దాటనివ్వరు. ఫీజు లేదు, షూస్ క్లాసు నడిపే సంస్థే ఇస్తుంది.

హాలుది మొజాయిక్ గచ్చు. దాని మీద గెంతితే ఆ అదురంతా మోకాలికీ, దాని కింది ఎముకకీ తగులుతుంది. బ్యాలేలో గాల్లోకి లేచి ఒంటికాలి మీద దిగేవి చాలా ఉంటాయి కాబట్టి నెలా రెండు నెలల్లోనే ముంగాలి నొప్పులు మొదలవుతాయి. ఈ సంస్థ గచ్చు మీద పరచడానికి 12 చెక్క పలకలు చేయించింది. ఒక్కోటి 4 అడుగుల చదరం. 12 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు, ఒకదాని నార నిలువుగా, రెండోదాని నార అడ్డంగా వచ్చేలా బిగించారు. అడుగున అడుగుకొకటి చొప్పున 25 ఈవీఏ ఫోమ్ (గట్టి రబ్బరులాంటి స్పాంజి) దిమ్మలు, 2 అంగుళాల చదరం, అంగుళం మందం. సోఫాల్లో వేసే మెత్తటి స్పాంజి ఇక్కడ పనికిరాదు, పలక ఊగి చీలమండ మెలిపడుతుంది. అన్నీ కలిపితే 12 × 16 అడుగుల నేల తయారవుతుంది. పలక 22, 23 కిలోలుంటుంది, ఇద్దరు పెద్దలు పట్టాల్సిందే. పరచడానికి 20 నిమిషాలు, ఎత్తి పెట్టడానికి 15.

మొదటి విడత పలకల్ని మామూలు కమర్షియల్ ప్లైతో, అంటే ఐఎస్ 303 రకంతో చేయించారు. ఒక్క వానాకాలానికే అంచులు ఉబ్బి పొరలు విడిపోయాయి. రెండోసారి ఐఎస్ 710 మెరైన్ ప్లై తెచ్చి, కోసిన అంచులకు పెయింట్ వేశారు. అవి ఇప్పటికీ నిలిచాయి. గోడకు ఏటవాలుగా ఆనిస్తే పలక వంకర పోతుంది. ఇటుకల మీద పడుకోబెట్టి దొంతరగా పేర్చాలి. పలకల మధ్య కొండీలు వదులైతే సందులు పడి బొటనవేలు ఇరుక్కుంటుంది, కాబట్టి ప్రతి క్లాసుకూ ముందు ఒకరు అంచుల వెంబడి నడిచి చూస్తారు.

పలకల పైన వేసే వినైల్ షీటు డ్యాన్సు కోసమే తయారైనది. ఇళ్లలో పరిచే పీవీసీ కార్పెట్ చవకే గానీ కాన్వాస్ షూస్‌తో దాని మీద కాలు జారుతుంది. వినైల్‌ని మడవకూడదు, గొట్టానికి చుట్టాలి. ఒక్కసారి మడతపెట్టినా గీత లేచి, తిరుగుతున్నప్పుడు కాలు తట్టుకుంటుంది. తడి మాప్ చాలు, ఫినాయిల్ వేస్తే జిడ్డు పొర మిగులుతుంది. ఈ హాలులో అన్నిటికంటే ప్రమాదం క్యారమ్ పౌడర్. మధ్యాహ్నం బోర్డు ఆడిన చోట చిటికెడు మిగిలినా సాయంత్రానికి ఆ చోటు నూనె పోసినట్టే. పెళ్లి జరిగిన మర్నాడు అక్షింతలు, నలిగిన పూరేకులు ఉంటాయి. అందుకే పలకలు పరచకముందు ఊడ్చి, తర్వాత తుడుస్తారు. ఇంత శ్రద్ధ డబ్బు కట్టే క్లాసుల్లో కూడా చాలాచోట్ల కనపడలేదు.

పట్టుకునే బార్ కడ్డీలు అంగుళంన్నర జీఐ పైపుతో చేయించినవి, సామాను రాణిగంజ్‌లో కొన్నారు. 8 అడుగుల పొడవు, రెండు ఎత్తులు: చిన్నవాళ్లకు 80 సెంటీమీటర్లు, పెద్దవాళ్లకు 100. కాలు చాచాలంటే మనిషికి దాదాపు 4 అడుగులు కావాలి, అంటే అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. అంతకుమించి నిలబెడితే ఒకరి కాలు ఇంకొకరి మోకాలికి తగులుతుంది. పిల్లలు కడ్డీకి వేలాడటం అన్నిటికంటే మామూలుగా కనపడే తప్పు. ప్రతి అభ్యాసం చివర నాలుగు లెక్కలపాటు చెయ్యి వదిలి నిలబడమంటారు. ఒళ్లు తూలితే కడ్డీ మోసిందన్నమాట. ఎండాకాలం చెమటకి పైపు జారుతుంది, పక్కన గుడ్డ ఉండాలి. తలకు రాసుకున్న కొబ్బరినూనె చేతికి అంటినా అదే బాధ.

ఇక పాఠం. బస్తీ పిల్లల్లో కొందరు బడిలో కూచిపూడి అడుగులు నేర్చినవాళ్లే. కూచిపూడిలో మోకాళ్లు వంచి నిలిచే అరమండి, బ్యాలేలో మోకాళ్లు వంచే ప్లియే చూడటానికి ఒకేలా ఉంటాయి, రెండింట్లోనూ మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటాయి. కానీ అరమండి కూర్చున్న ఎత్తులోనే ఉండి నేలను కొడుతుంది. ప్లియే మాత్రం దిగడం మొదలైనప్పటి నుంచే పైకి లేవడానికి సిద్ధపడుతుంది. అరమండి అలవాటున్నవాళ్లు నడుము వెనక్కి విరిచి దిగుతారు. ఇక్కడి టీచర్లు దాన్ని తప్పని కసరకుండా ఆ తేడానే చూపిస్తారు. లెక్క కూడా తెలిసిన దారిలోనే చెబుతారు: మూడు లెక్కల సంగీతానికి తకిట, నాలుగుకు తకధిమి. ఫ్రెంచి పేర్లకు అర్థం చెబుతారు. ప్లియే అంటే వంచినది, తాండ్యు అంటే చాచినది, పా ద షా అంటే పిల్లి అడుగు. అర్థం తెలిసిన పేరు పిల్లలకు ఒక్కసారికే గుర్తుంటుంది.

పాదాలు రెండు పక్కలకూ గీత గీసినట్టు 180 డిగ్రీలు తెరవమని ఎవరూ అనరు. కొత్తవాళ్లకు 90, 100 డిగ్రీలు చాలంటారు. తెరుచుకోవాల్సింది తుంటి దగ్గర. అక్కడ తెరుచుకోనిదాన్ని పాదంతో లాగితే మోకాలు మెలిపడి, పాదం లోపలి అంచు మీదికి ఒరుగుతుంది. వంగినప్పుడు మోకాలు రెండో వేలి మీదికి వస్తోందా లేదా చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

కాలివేళ్ల కొనల మీద నిలబడటానికి వేసుకునే పాయింట్ షూస్ విషయంలో వీళ్ల పట్టుదల మాకు నచ్చింది. 12 ఏళ్లు నిండాలి, మూడేళ్ల పాఠం అయ్యుండాలి, ఒంటికాలి మీద మడమెత్తి దించడం ఆపకుండా 20 సార్లు చేయగలగాలి. విరాళంగా వచ్చిన వాడిన పాయింట్ షూస్‌ని పిల్లలకు ఇవ్వరు. వాటిలో వేళ్లను పట్టి ఉంచే ముందు డబ్బా, అడుగు పట్టీ అప్పటికే ఇంకొకరి పాదానికి వంగి మెత్తబడి ఉంటాయి. బొమ్మగా గోడకు తగిలించుకోవచ్చు, నిలబడటానికి కాదు.

మామూలు కాన్వాస్ షూస్‌కి నాలుగు నెలలకోసారి కాగితం మీద పాదం గీసి కొలుస్తారు. ఎదుగుతారు కదా అని ఒక సైజు పెద్దవి తీసుకుంటే వేళ్ల ముందు గుడ్డ మడతపడి జారుతుంది. బజారులో వచ్చేవి ఎక్కువగా గులాబీ రంగువి, మన పిల్లల కాళ్లవి గోధుమ రంగులు. పాదం రంగు తెగిపోతే కాలి గీత పొట్టిగా కనపడుతుంది. లండన్‌లో ఫ్రీడ్ కంపెనీ గోధుమ రంగు పాయింట్ షూస్ తెచ్చిందే 2018లో. ఇక్కడ వాలంటీర్లు చిక్కటి టీ డికాషన్‌లో కాస్త పటిక వేసి తెల్ల కాన్వాస్ షూస్‌ని నానబెడతారు. గుడ్డకు రంగు బాగా పడుతుంది, ఎలాస్టిక్‌కి మాత్రం పట్టదు. నాలుగైదు ఉతుకులకు వెలుస్తుంది, మళ్లీ వేయాలి.

లోపం దగ్గరికొద్దాం. మూడేళ్లలో టీచర్లు ఆరుగురు మారారు. ఐటీ ఉద్యోగులకు ప్రాజెక్టు గడువులు, కాలేజీవాళ్లకు పరీక్షలు. వాళ్ల తప్పు కాదు, అయినా నష్టం పిల్లలదే. ఒకరు నేర్పేది రష్యా వాళ్ల వగానోవా పద్ధతి, ఇంకొకరిది ఇంగ్లండ్ వాళ్ల రాయల్ అకాడమీ పద్ధతి. మొదటిదాంట్లో చేతుల మూడో స్థానమంటే రెండు చేతులూ తలపైకి. రెండోదాంట్లో ఒక చెయ్యి ముందుకు, ఒకటి పక్కకు. కొత్త టీచరు మూడు అనగానే సగం మంది పిల్లలు ఒకటి, సగం మంది ఇంకొకటి చేసి, తమకే రాదనుకుని తలదించుకున్నారు. నిరుటి నుంచి ఒకే పద్ధతి ఎంచుకుని, ఏ రోజు ఏం చేయించారో, ఎవరికి ఏం సరిచేశారో నోట్‌బుక్‌లో రాస్తున్నారు. సగం నయమైంది. ఇద్దరైనా ఏడాది మాట ఇచ్చి నిలిస్తేనే మిగతా సగం.

రెండో లోపం డిసెంబరు ప్రదర్శన. దాతల కోసం ఆరు వారాలు అదే నృత్యం చేయిస్తారు, బార్ దగ్గరి పని పావుగంటకు కుంచించుకుపోతుంది. జనవరిలో చూస్తే మోకాళ్లు మళ్లీ ముందుకే వాలుతుంటాయి. దీన్ని ఏడాదికోసారి కాకుండా తరగతిలోనే తల్లిదండ్రులకు చూపిస్తే సరిపోతుందని చెబుతూనే ఉన్నాం.

13 దాటిన అమ్మాయిలు మానేయడానికి అసలు కారణం బ్యాలే కాదు. హాలులో ఉన్న ఒక్క టాయిలెట్‌కి గడియ ఉండేది కాదు, బట్టలు మార్చుకునే చోటు లేదు. గడియ బిగించి, తెర కట్టాక మానడం తగ్గింది. బిగుతు దుస్తులు ఇష్టపడని ఇళ్లవాళ్లకు పొడుగు చేతుల టీషర్టు, నల్ల లెగ్గింగ్స్ చాలు, మోకాలి గీత కనపడితే అయింది. పెద్దవాళ్లు ఎప్పుడూ ఇద్దరు ఉంటారు, చేత్తో సరిచేసే ముందు అడుగుతారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేకపోవడంతో దూరం బస్తీల నుంచి కూడా వస్తున్నారు.

ముంబైలో వెల్డింగ్ పనిచేసే ఇంటి అబ్బాయి అమీరుద్దీన్ షా 2017లో లండన్ రాయల్ బ్యాలే స్కూల్‌లో చేరిన సంగతి విని ఆశతో వచ్చేవాళ్లున్నారు. ఆ అబ్బాయికి దొరికినది రోజూ గంటలకొద్దీ ఒకే గురువు దగ్గర శిక్షణ. వారానికి మూడు రోజుల క్లాసు అక్కడికి చేర్చదు. సంస్థ కూడా ఆ మాట మొదటి రోజే చెబుతుంది, దాన్ని మెచ్చుకోవాలి. ఇక్కడ వచ్చేది నిటారైన వెన్ను, లెక్క తప్పని అడుగు, క్షేమంగా దిగే గెంతు.

చేర్చాలనుకుంటే జూన్‌లో తొందరపడకండి. ఆషాఢంలో బోనాలకు, తర్వాత వినాయక చవితికి హాలు దొరకదు, మొదటి పాఠాలు ముక్కలవుతాయి. నిమజ్జనం అయిన వారం వెళ్తే ప్రదర్శన హడావుడికి ముందు రెండు నెలలు బార్ దగ్గర నిలకడగా దొరుకుతాయి. భోజనం చేసి రెండు గంటలైనా గడవాలి. బయల్దేరే ముందు ఒక అరటిపండు పెట్టి పంపండి, తలకు నూనె మాత్రం ఆ రోజు వద్దు.