ఇంటర్ పోయింది: ఇన్‌స్టంటా, ఓపెనా, ఐటీఐనా?

2025 ఏప్రిల్ 12న ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం విశాఖ కంచరపాలెం నుంచి పిన్ని ఫోన్ చేసింది. తమ్ముడిది సెకండియర్ ఎంపీసీ. ఫిజిక్స్ ఒకటి, మ్యాథ్స్‌లో ఒక పేపరు పోయాయి. "ఏటి చేద్దాం బాబూ?" అంది. నేను వెళ్లేసరికే ఇంట్లో మూడు సలహాలు తిరుగుతున్నాయి. ఐటీఐలో వేసేద్దామని బాబాయి, ఓపెన్ స్కూల్లో కట్టేయమని పక్కింటావిడ, పేపర్లు మళ్లీ దిద్దిస్తే పాసైపోతానని వాడు. గాజువాకలో ట్యూషన్లు చెబుతాను కాబట్టి ఈ పంచాయితీ నాకు ఏటా ఉండేదే.

ముందు వాడి మాటే తేల్చాం. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కుల్ని మళ్లీ కూడటమే. కూడికలో తప్పుంటేనే ఫలితం. ఆ ఏడాది పేపరుకు 260 రూపాయలు. రీవెరిఫికేషన్‌కి 1300. అందులో జవాబుపత్రం స్కాన్ కాపీ చేతికొస్తుంది, ఏదైనా దిద్దకుండా వదిలేశారేమో చూస్తారు. వాడికి ఫిజిక్స్‌లో 60కి 18 వచ్చాయి, పాసవ్వాలంటే 21. మ్యాథ్స్‌లో 75కి 9. మూడు మార్కుల కోసం 1300 పెట్టడంలో అర్థం ఉంది. తొమ్మిది మార్కుల పేపరుకి పెడితే ఆ డబ్బు సముద్రంలో వేసినట్టే.

రీవెరిఫికేషన్ పెట్టాం కదా అని సప్లిమెంటరీ ఫీజు కట్టకుండా కూర్చోవడమే అసలు ప్రమాదం. ఆ ఏడాది రెండింటికీ గడువు ఏప్రిల్ 22తోనే ముగిసింది. దిద్దిన ఫలితం వచ్చాక కడదామంటే అప్పటికి తలుపు మూసేస్తారు. రెండూ కట్టాలి. పాసైతే ఫీజు పోతుంది, అంతే కదా.

ఇక అసలు పోటీ ఇన్‌స్టంట్‌కీ ఓపెన్‌కీ మధ్య. మే నెల సప్లిమెంటరీని మా ఊళ్లో ఇప్పటికీ ఇన్‌స్టంటనే అంటారు. ఒకటి రెండు సబ్జెక్టులు పోయినవాళ్లకి రెండో ఆలోచనే అక్కర్లేదని నా అభిప్రాయం. పోయిన పేపర్లు మాత్రమే రాస్తే చాలు. ఫలితం జూన్ మొదట్లో వచ్చేస్తుంది, అదే ఏడాది డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరొచ్చు. కష్టం కూడా చెప్పాలి. 2025లో పరీక్షలు మే 12 నుంచి 20 వరకు. ఫస్టియర్‌కి పొద్దున, సెకండియర్‌కి మధ్యాహ్నం రెండున్నర నుంచి. విశాఖలో మే నెల ఉక్క ఎలా ఉంటుందో తెలిసిందే, చొక్కా తడిసి పేపరుకి అంటుకుంటుంది. పైగా ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ఆ మర్నాడే, 21న మొదలైంది. సెట్‌లో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది. సీటు కావాలంటే ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో మొత్తం మీద 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 40 శాతం రావాలి. అంటే 35 శాతంతో గట్టెక్కితే ఇంటర్ పాసవుతుంది గానీ సీటు చేతికి రాకపోవచ్చు. ఇన్‌స్టంట్ రాసేవాళ్లలో చాలామంది ఈ లెక్క చూసుకోరు.

ఫస్టియర్ పోయిందని ఏడ్చే పిల్లలకి మాత్రం తొందర లేదు. ఎలాగూ సెకండియర్‌కి పంపిస్తారు. పోయినవి మేలో రాయొచ్చు, లేదా వచ్చే ఏడాది పబ్లిక్ పరీక్షల్లో సెకండియర్ పేపర్లతో కలిపి రాయొచ్చు. నేనైతే మేలోనే రాసేయమంటాను. పబ్లిక్ పరీక్షల్లో రెండేళ్ల బరువు ఒకేసారి ఎత్తడం కష్టం.

ఓపెన్ అంటే మనకు రెండున్నాయి. మన రాష్ట్రానిది ఏపీ ఓపెన్ స్కూల్, దేశం మొత్తానికి ఉన్న ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్. ఎన్‌ఐఓఎస్‌లో పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. ఒకసారి చేరితే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కులు బదిలీ చేసుకోవచ్చు. ఇక్కడే మెలిక ఉంది. మావాడు రెండు పేపర్లు తప్ప అన్నీ పాసయ్యాడు. ఓపెన్‌కి వెళ్తే రెండే సబ్జెక్టులు వెంటొస్తాయి, పాసైన మిగతావి మళ్లీ మొదటి నుంచి. రెండు పేపర్లు పోయాయని ఓపెన్‌లో చేరడం చిరిగిన జేబు కోసం చొక్కా మార్చినట్టుంటుంది.

ఓపెన్ ఎవరికి మేలంటే, మ్యాథ్స్ ఇక నావల్ల కాదు, గ్రూపే మారతానన్నవాళ్లకి. చదువు మానేసి పెళ్లయి, పిల్లలు బడికెళ్లాక మళ్లీ పుస్తకం పట్టిన అమ్మాయిలకి. ఆటోనగర్‌లో పనికెళ్తూ ఇంటర్ సర్టిఫికెట్ కోసం చూసేవాళ్లకి. ఆ సర్టిఫికెట్‌కి విలువ లేదన్న మాట నమ్మకండి. ఓపెన్‌లో చదివినవాళ్లు నీట్ రాయొచ్చా అన్న వివాదం కూడా 2024లో సుప్రీంకోర్టులో వాళ్లకి అనుకూలంగానే ముగిసింది. ఒక్కటి మాత్రం చూసుకోండి. "మీరు రాయక్కర్లేదు, అన్నీ మేం చూసుకుంటాం" అని డబ్బు అడిగే మధ్యవర్తి కనబడితే అక్కణ్నుంచి లేచి వచ్చేయడమే.

బాబాయి ఐటీఐ మాటని నేను తేలిగ్గా తీసేయలేదు. టెన్త్ పాసయ్యాడు కాబట్టి అర్హత ఉంది. ఇంటికి నడిచి వెళ్లే దూరంలోనే ప్రభుత్వ ఐటీఐ. ఫిట్టరో ఎలక్ట్రీషియనో అయితే రెండేళ్లు, వెల్డర్ అయితే ఏడాది. షిప్‌యార్డ్, స్టీల్‌ప్లాంట్, నేవల్ డాక్‌యార్డ్ ఉన్న ఊళ్లో ఆ సర్టిఫికెట్ ఊరికే పోదు. ఇంటర్ పేపర్లు పక్కన రాసుకోవడానికి కూడా అడ్డేమీ లేదు. కానీ మార్కులు చూసి కోపంతో వేసే ఐటీఐ వేరు, మిక్సీ పాడైతే విప్పి కూర్చునే కుర్రాడు కోరి వెళ్లే ఐటీఐ వేరు. మావాడు స్క్రూడ్రైవర్ పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

గడువులోపే ఫిజిక్స్‌కి రీవెరిఫికేషన్, రెండు పేపర్లకీ ఇన్‌స్టంట్ ఫీజు కట్టించాం. మర్నాటి నుంచి వాడు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి, ఫ్యాను కింద సీటు కోసం పొద్దున్నే నిలబడ్డాడు. బాబాయి మాత్రం ఐటీఐ అడ్మిషన్ల ప్రకటన పేపర్లోంచి కత్తిరించి టీవీ వెనక దాచాడు.