పచ్చదనం మ్యాపా, వాగు కొలతా: అడవి విధానానికి ఏది మేలు?

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఎగువన అడవి పెంచాలని హైదరాబాద్‌లో ఎవరినడిగినా అంటారు. ఏ చెట్లు, ఎంత ఒత్తుగా పెంచితే జలాశయంలోకి నీళ్లొస్తాయో చెప్పమంటే మాత్రం తడబడతారు. ఆ సంగతి తేల్చడానికి రెండు దారులున్నాయి: ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం చూడటం, వాగులో ఏళ్ల తరబడి నీళ్లు కొలవడం.

మొదటిదానికి మనకు కొరత లేదు. ఉపగ్రహ చిత్రాలు అందించే జాతీయ సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లోనే ఉంది. రాష్ట్రమంతా ఒకేసారి చూడొచ్చు, ఎక్కడ అడవి తగలబడిందో, ఎక్కడ చదును చేశారో త్వరగా తెలుస్తుంది. 2015లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారం కూడా పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలనే లక్ష్యం పెట్టుకుంది. చిక్కల్లా లెక్క దగ్గరే. మన దేశపు అటవీ సర్వేలో హెక్టారు, ఆపైన ఉన్న నేల మీద 10 శాతం చెట్ల గొడుగు ఉంటే అడవి కిందే లెక్క. అనంతగిరి కొండల సహజ అడవైనా, జామాయిల్ తోటైనా ఒకటే. నీటి విషయంలో అవి ఒకటి కావు.

ఆ తేడాను రుజువు చేసింది వాగు కొలతే. పక్కపక్కన ఒకేలాంటి రెండు చిన్న వాగులు ఎంచుకుంటారు. కొన్నేళ్లు రెండింటినీ ఉన్నవి ఉన్నట్టే కొలుస్తారు. తర్వాత ఒకదాని పరీవాహకంలోనే మొక్కలు నాటి, రెండోదాని జోలికి పోరు. వాన రెండింటి మీదా దాదాపు ఒకేలా పడుతుంది కాబట్టి, కొత్తగా కనిపించే తేడా చెట్ల వల్లే అని చెప్పొచ్చు. ఊటీ దగ్గర గ్లెన్‌మోర్గన్‌లో ఇలా చూస్తే, గడ్డి నేలలో జామాయిల్ జాతి చెట్లు వేసిన వైపు మొదటి కోత నాటికి నీళ్లు సగటున 16 శాతం తగ్గాయి. దక్షిణాఫ్రికా 1998 నీటి చట్టంలో కలప తోటలను వాగు నీటిని తగ్గించే పనుల్లో చేర్చింది. అక్కడి జోంకర్స్‌హూక్ లోయలో 1930ల నుంచి చేసిన కొలతలు దానికి బలమైన ఆధారం.

ఆలస్యమే దీని పెద్ద లోపం. పైగా ఒకచోటి అంకె ఇంకోచోట పనికిరాదు. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన, అడుగున గ్రానైట్ రాయి ఉన్న మన నేలకు ఊటీ లెక్క అతకదు. అందుకే ఇక్కడే కొలవాలంటాను. నా ఓటు వాగుకే, ఉపగ్రహం దానికి తోడుగా ఉండాలి.

ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నేల అటవీ శాఖది. చెట్ల సంగతి దూలపల్లి అటవీ జీవవైవిధ్య సంస్థకు, రాతి పొరల్లోని నీటి సంగతి ఉప్పల్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి, మెట్ట సాగు సంగతి సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ‘క్రీడా’కు తెలుసు. బోరులో నీళ్లు ఎప్పుడు అడుగంటుతాయో ఆ ఊరి రైతుకు తెలుసు. వీళ్లంతా కలిసి, ఆ రెండు జలాశయాలకు నీళ్లు తెచ్చే మూసీ, ఈసీ ఎగువన రెండు వాగులు ఎంచుకోవాలి. మొక్కలు నాటకముందే వాగులో పారే నీళ్లు కొలిచే చిన్న కట్టలు కట్టి, కనీసం మూడు వానాకాలాలు చూడాలి. ఏ మొక్క నాటాలన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.